కత్తి పెట్టని పుటలు

దోనా ఎర్మెలిందా అద్దె పుస్తకాల కొట్టు నుంచి
నెలకోసారి నా దగ్గరికి రోగులొస్తారు:
వెన్ను విరిగినవాళ్లు, అట్ట ఊడినవాళ్లు,
సూపులో మునిగి తేలినవాళ్లు.
పోర్తోలో వాన తెరిపివ్వని ఫిబ్రవరిలో
ఈ నవల ఐదోసారి వచ్చింది.
ఐదోసారీ అదే జబ్బు.
కెప్టెన్ లెయాంద్రు గదిలోకి అడుగుపెట్టే ప్రతిచోటా
కుట్టు తెగిపోయింది.

వాడి సంగతి మీకు చెప్పాలి.
కెప్టెనేం కాదు, పడవ ఎక్కితే వాంతులు.
చేతికి ఎముక లేదంటారు, నిజమే,
ఆ చెయ్యి ఎప్పుడూ ఇంకొకరి జేబులో ఉంటుంది.
వితంతువు చెవిపోగులు తాకట్టు పెట్టి
ఆ డబ్బుతో ఆవిడకే వయొలెట్ పూలు కొనిస్తాడు.
ఆవిడ వాసన చూసి ఏడుస్తుంది.
మనమూ ఏడుస్తాం, సిగ్గులేకుండా.
ఊరందరికీ టోపీ పెట్టినవాడు
ప్రతి గుమ్మం ముందూ తన టోపీ మాత్రం తీస్తాడు.

వాడు నవ్విన పుటల అంచులు
వేళ్ల జిడ్డుకి పాత నాణెంలా నునుపెక్కాయి.
ఒకచోట తలపిన్ను. ఒకచోట ట్రామ్ టికెట్టు.
వాడు బ్రెజిల్ ఓడెక్కి పారిపోయే చోట
కాగితం ఉబ్బి, ఆరి, మళ్లీ ఉబ్బింది.

ఇదే నవలలో ఇంకొకడున్నాడు.
ఎద్ముందు, నోటరీ గుమాస్తా.
చెప్పిన వేళకి వస్తాడు, గొడుగుతో.
అప్పు తీరుస్తాడు, తనది కానిది కూడా.
పద్నాలుగో అధ్యాయం మొత్తం అతనిదే.
ఆ రోజుల్లో పుటలు మడతల్లోనే అమ్మేవాళ్లు,
చదివేవాళ్లు కోసుకోవాలి.
ముప్పై ఏళ్లు, ఎన్ని వందల చేతులో,
పద్నాలుగో అధ్యాయానికి
ఒక్కరూ కత్తి పెట్టలేదు.

నేను పెట్టాను, నా ఎముక కత్తి.
ఎద్ముందు వానలో ఇంటికప్పు బాగుచేస్తున్నాడు.
పదకొండు పేజీలు బాగుచేశాడు.
పెంకుల గురించి చాలా విషయాలు తెలిశాయి.
నాలుగో పేజీలో కునుకు పట్టింది.
మెలకువొచ్చేసరికి ఇంకా కప్పు మీదే ఉన్నాడు, పాపం.
నా జిగురుకుండ కింద మంట ఆరిపోయింది.
పోయిన అక్టోబరులో మా వంటింటి కప్పు మీద
నేనూ ఇలాగే, మోకాళ్ల మీద.
కింద నిచ్చెన పట్టుకుని ఒతీలియా,
చూపు మాత్రం నది వైపు.

పెన్సిలు రాతలన్నీ చెరిపెయ్యమంది దోనా ఎర్మెలిందా.
నూట పన్నెండో పేజీలో వాడంటాడు:
"నిన్ను కలవకముందు నేనాడిన అబద్ధాలన్నీ
నీతో నిజం చెప్పడానికి చేసిన సాధనే."
పక్కన మార్జిన్లో, పదునైన పెన్సిలు:
*నాతోనూ ఇదే అన్నాడు, ట్రామ్ స్టాపులో.*
దాని కింద వేరే చేతిరాత:
*నాతోనూ. కుట్టుమిషన్ల ఏజెంటే కదా?*
ఇంకా కింద, ఒకే మాట:
*నాతోనూ.*
చివర తోక పైకి లేచి, కాస్త వంకర తిరిగింది.

ఆ తోక నాకు తెలుసు.
ఉల్లిపాయలు, ఎండుచేప, కొవ్వొత్తులు అని
శనివారాలు నా కోటు జేబులోకొచ్చే చీటీలో
అదే తోక.

రబ్బరు చేతిలో పట్టుకుని ఎంతసేపున్నానో.
చేపలమ్మి అరుచుకుంటూ వీధి దిగి, మళ్లీ ఎక్కింది.
చెరపలేదు.
సిరాతో రాశారమ్మా, పోవడం లేదు అని చెబుతాను.
నేనాడే మొదటి అబద్ధమేం కాదు గానీ
గట్టిగా కుట్టిన మొదటిది.
ఆ పేజీకి రెండుపేటల దారం వేశాను.

ఇంటికొచ్చేసరికి ఒతీలియా
సూపులోకి ఆకులు సన్నగా తరుగుతోంది.
గుమ్మంలో టోపీ తీశాను, ఎన్నడూ లేనిది.
గొంతు సవరించుకుని అన్నాను:
"నిన్ను కలిశాక నేనాడిన అబద్ధాలన్నీ..."

కత్తి ఆగింది.
వెనక్కి తిరగలేదు, భుజాలు కదిలాయి.
నవ్వో మరోటో
పొయ్యి వెలుతురులో తేల్చుకోలేకపోయాను.
"కలవకముందు," అంది. "కలిశాక కాదు."

ఆకులు కుండలోకి తోసింది.
మూత వెతికింది, అది ఎదురుగానే ఉంది.
అప్పుడు నా వైపు చూసి,
నేల మీద చేరుతున్న నీళ్లు చూసి,
"గొడుగేది?" అంది.