ఆకుకూరలకు ఒకటే గడి

వర్తూరు అవతల
పద్దెనిమిదో అంతస్తు సెంట్రింగు చప్పుడు కింద
రేకుల షెడ్డు గడప మీద కూర్చున్నాను.
ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, కాగితంలో పది గడులు.
"నిన్న పొద్దున్నించి రాత్రి దాకా
ఏమేం తిన్నావో చెప్పమ్మా."

సుంకులమ్మ చీపురు పక్కన పెట్టింది.
"ఏముంది, బువ్వ. టమేటా పప్పు.
మజ్జాన్నం అదే, రాత్రికీ అదే.
టీలోకి పాలపొడి.
అంగన్‌వాడీలో పిల్లోనికి గుడ్డు."

గుడ్డు వాడిది, గడి ఆమెది.
పెన్ను కాసేపు గాల్లో ఆగింది.

"మరి ఊళ్ళో?"
అది నా కాగితంలో లేని ప్రశ్న.
ఉరవకొండ పక్క చేలగట్లు ఆమె వేళ్ళ మీదికొచ్చాయి:
సంగటి, ఊరిబిండి, పప్పులోకి
చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు,
వానపడిన మూడో వారం తుమ్మికూర,
పొన్నగంటి, అలసంద చిగురు,
అత్తకు మాత్రమే పేరు తెలిసిన ఇంకోటి,
"చేదుంటాది, బాలింతకు పెడతారు."
వేళ్ళు చాలక
పక్కింటి పిల్ల చెయ్యి లాక్కుంది.

ఆకుకూరలు: ఏడింటికీ ఒకే గడి, ఒకే మార్కు.
టీలో కరిగిన చెంచాడు పొడికీ ఒక మార్కే.
కూడితే ఊరికి నాలుగు, బెంగుళూరికి నాలుగు.
గుడ్డు కలిపితే అయిదు.

"అంటే ఈడనే బాగా తింటాండామా?"
నేను పల్లెను పొగుడుదామని నోరు తెరిచాను.
"ఆగు పాపా. శివరాత్రి దాటితే గట్ల మీద ఏం మొలస్తాది?
తొలకరి దాకా సంగటి, ఒట్టి కారం.
ఆడ గుడ్డు అమ్మేదానికే, తినేదానికి కాదు.
అదీ రాసుకో."
గడి లేదు. మార్జిన్లో రాశాను.

"నువ్వేం తింటివి నిన్న?"
మా ఫ్రిజ్‌లో రూమ్మేట్ కొన్న అవకాడో ఉంది,
పేరు పలకలేని మూడు రకాల గింజలున్నాయి.
నేను తిన్నది పెరుగన్నం. మొన్నా అదే.
యాప్‌లో నాలుగొందల హోటళ్ళు తిరిగి
మళ్ళీ అక్కడికే.
"రెండు," అన్నాను.

ఆమె లేచి, కాంక్రీటు తడిపిన నీళ్ళు జారే మూల నుంచి
గుప్పెడు గంగవాయిలాకు పీక్కొచ్చింది.
ఇసక లారీలో వచ్చినట్టుంది విత్తనం.
నా సంచిలో కుక్కింది.

మారతహళ్ళి ట్రాఫిక్‌లో అది వాడిపోయింది.
రాత్రి ఫోన్ చేశాను: పారేయాలా?
"ఏం కాదు, నీళ్ళు చల్లు.
కాడ ఒకటి కుండీలో గుచ్చు.
కందిపప్పుందా ఇంట్లో?"

ఉందేమో.
చూడాలి.