ఏడో పాఠం

ఏడో పాఠం నేనే రాశాను,
చర్చి నేలమాళిగలో హీటరు దగ్గుతున్న ఒక మార్చి రాత్రి.
"వాట్ ఈజ్ ద డీల్ టుడే?" ఇది మీరు.
"టూ బర్గర్స్ ఫర్ సిక్స్ డాలర్స్, మామ్." ఇది కౌంటరు.
ప్లీజ్ మరవొద్దు, అని పక్కన ఎర్రసిరాతో.
విన్నిపెగ్‌లో అప్పటికి మంచు కిటికీ సగం దాకా ఉంది.

ఆరు వారాలు వల్లెవేశారు.
ఫ్రైస్ ఒకటా, చాలానా అని అడిగింది లెతెబ్రహాన్.
చాలా, అన్నాను. మరి ఒక్కటే ఉంటే?
అలా ఎవరూ అమ్మరు, అని దాటేశాను.
"మేక్ ఇట్ ఎ మీల్" అంటే
వంట కూడా నన్నే చెయ్యమంటారా అని నవ్వింది.
రాత్రంతా ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చేతులు,
గోళ్ల చుట్టూ బ్లీచు కొరికిన తెలుపు.
ఆ వేళ్ల మీదే మాటలు దాచుకునేది:
బొటనవేలు పలకరింపు, చూపుడువేలు ప్రశ్న,
నడిమివేలు ధర, ఉంగరపువేలు వద్దు అనడానికి,
చిటికెనవేలు థాంక్యూ.

బుధవారం పదకొండుమందిమి బస్సెక్కాం.
తలుపు తోసి చూద్దును కదా,
కౌంటరు లేదు.
ఉండాల్సిన చోట నిలువెత్తు తెరలు నాలుగు
నోటితో పని లేకుండా వెలుగుతున్నాయి.
నేనిక్కడ తిని తొమ్మిదేళ్లయిందని
వీళ్లకెప్పుడూ చెప్పలేదు.
పదకొండుమందీ నావైపు తిరిగారు,
తాళంచెవి చేతిలోనే ఉండి
తలుపు మాయమైనవాళ్లలా.
(పదిమందే. పదకొండోదాన్ని నేను.)

లెతెబ్రహాన్ ముందుకెళ్లింది.
తాకింది. మాంసం. వెనక్కి. మళ్లీ మాంసం, ఈసారి జున్నుతో.
బుధవారాలు ఆమెకి ఉపవాసం,
మాంసం ముట్టదు, పాలచుక్క ముట్టదు.
రొట్టెలో పాలు కలుపుతారా?
ఆ ప్రశ్న నేను రాయలేదు.
తెరా రాసుకోలేదు.
రెండు ఆరు డాలర్లకే, రెండు ఆరు డాలర్లకే,
సంతలో బేరగాడిలా చెప్పిందే చెప్పి
చివరికి అడిగింది:
మీరింకా ఉన్నారా?

"యెస్," అంది లెతెబ్రహాన్, హాలంతా వినబడేలా.
"ఐ యామ్ హియర్."

నేల తుడుస్తున్నతను తల ఎత్తాడు.
ఘస్సాన్. నాలుగేళ్ల కిందట
నా క్లాసులో రెండో వరుస, కిటికీ పక్క.
మాప్‌కర్ర గోడకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని,
లేని కౌంటరు వెనక నించున్నాడు.
"వెల్‌కమ్, మామ్."
ఆమె బొటనవేలు విప్పింది.
"వాట్ ఈజ్ ద డీల్ టుడే?"
"ప్లీజ్ మరిచారు," అన్నాడు, నన్ను చూస్తూ.

ఉంగరపువేలు దగ్గర మాత్రం పాఠం అయిపోయింది.
అక్కణ్ణించి ఆమె సొంతం:
"నో మీట్. నో మిల్క్. టుడే గాడ్ వెడ్నెస్‌డే."
అతను లోపలికెళ్లి
నూనె మరకల పుస్తకం పట్టుకొచ్చాడు.
వేలు పెట్టి చదివాడు, గోధుమపిండి, చక్కెర, ఈస్టు,
"వే" దగ్గర ఆగాడు.
"వే అంటే దారి కదా," అంది ఆమె.
ఇద్దరూ నన్ను చూశారు.
పాలు విరిగాక మిగిలే తేట, అన్నాను.
ముప్ఫై ఏళ్ల పంతులమ్మని,
ఆ ఒక్క మాటకీ ఆ పూట జీతం దక్కినట్టయింది.

చిన్న ఫ్రైస్. పాలు లేని టీ.
డీల్ ఏం లేదు, నిండు ధరే పడింది.
చిటికెనవేలు ఘస్సాన్‌కి చూపించి వచ్చేసింది.
మాప్ అప్పటికి నేల మీద
చిన్న మడుగు కట్టుకుని ఉంది.

తిరుగు బస్సులో పొట్లం
సీటు సీటూ దాటి నా దాకా వచ్చింది.
అడుగున ఉప్పు, ఒక మూలన
ఒక్కటి.
లెతెబ్రహాన్ వెనక్కి తిరిగి చూస్తోంది.
"నౌ?" అంది. "నౌ వాట్ నేమ్?"
ఫ్రై, అన్నాను,
నోట్లో వేసుకుంటూ.