స్టాంపు లేని సంచి

ఈ మెల్‌బోర్న్ వీధిలో పదకొండేళ్లుగా ఉత్తరాలు వేస్తున్నాను.
నా రాజ్యం గేటు దాకానే.
ఎవరి పడగ్గది ఏ రంగో చెప్పలేను గానీ
ఎవరి వాకిట్లో ఏ తీగ పిందె పట్టిందో చెప్పగలను.

మొదట్లో అన్నీ గడ్డి వాకిళ్లే.
శనివారం కోసుకుని, ఆదివారం చూసుకుని
ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవారు.

స్టమాటియా ఇంటి వెనక తొమ్మిదంతస్తులు లేచాయి.
పెరట్లో ఎండ పోయింది.
మేజోళ్ల మిల్లులో ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి
పార పట్టుకుని, ఎండ వెనకాలే నడిచి
వీధివైపుకొచ్చింది.
గుర్రప్పందేల మంగళవారం, ఊరంతా టీవీల ముందుంటే
గడ్డి చెక్కేసి టమాటా నారు నాటింది.
పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు.
వాకిట్లోకొచ్చిన చెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు.

కుక్కలతో వెళ్లేవాళ్లు ఆగారు. కుక్కలు అంతకుముందే ఆగాయి.
పక్కింట్లో అద్దెకుండే లెటెబ్రాన్
అస్మారా మిరపగింజలు నాలుగు పెయింటు డబ్బాల్లో పెట్టింది.
ఎదురింటి కుర్రాడు కొత్తిమీర అనుకుని కలుపు పెంచాడు,
నెల్లాళ్లు ఎవరూ చెప్పలేదు.
కంచెల మీదుగా కాయలు, తిట్లు, చారు గిన్నెలు దాటాయి.
ఉత్తరాల పెట్టె తెరిస్తే నాకోసం చిక్కుళ్లు.

తర్వాత ఆ ఫొటో.
ఇళ్లమ్మే ఏజెంటు మోకాళ్ల మీద కూచుని తీశాడు.
ముందు ఆమె టమాటాలు, వెనక అమ్మకానికున్న ఇల్లు.
'పలకరించే పచ్చని వీధి' అని అచ్చేశారు.
నేనే పంచాను, నూట నలభై ఇళ్లకు.
చలికాలంలో లెటెబ్రాన్‌కు అద్దె పెంచిన ఉత్తరం కూడా
నేనే వేశాను.
చేతిలో ఎంత తేలిగ్గా ఉందో.

నాలుగు డబ్బాలూ వ్యాను ముందు సీట్లో పెట్టి,
బెల్టు కట్టి మరీ వెళ్లింది.
ఆ వాకిట్లో ఇప్పుడు తెల్ల గులకరాళ్లు,
ఒక నల్ల కుండీ, అందులో నీళ్లడగని మొక్క.
కొత్తవాళ్లు మంచివాళ్లే.
టమాటాలు కిలో ఎంతకిస్తావని అడిగారు ఒకసారి, మర్యాదగానే.
స్టమాటియా ఆ సాయంత్రం కొళాయి కట్టడం మరిచిపోయింది.

ఈవేళ ఆమె పెట్టెలో రెండు సంచులు.
ఒకటి నాది.
రెండోదాని మీద పెన్సిల్‌తో పేరు మాత్రం, లెటెబ్రాన్.
స్టాంపు లేదు. చిరునామా లేదు.
దారి మళ్లించిన ఉత్తరాల మీద ఆ చిరునామా చూశాను,
ఊరి అంచున, చివరి స్టేషను దగ్గర.
ఎవరికీ చెప్పకూడదు, రూలు.
నా రూటూ కాదు.

సంచి అడుగున చిక్కుళ్లు ఇంకా చల్లగా ఉన్నాయి.
ఆదివారం నాకు డ్యూటీ లేదు.
రైళ్లు ఉన్నాయి.