ఆగకూడని చెయ్యి

పుంతా అరేనాస్‌లో గాలి వీస్తోంది అనరు,
గాలి ఉంది అంటారు, ఇంట్లో మనిషి ఉన్నట్టు.
మా ఐసీయూ కిటికీలు మాత్రం తెరుచుకోవు.
అద్దం అవతల జలసంధి నురగలు కక్కుతుంటుంది,
ఇవతల పన్నెండు యంత్రాలు
పన్నెండు మందికి గిద్దతో కొలిచినట్టు
గాలి పోస్తుంటాయి.

ఆరో నంబరు మంచం మీద ఎలెయుతేరియో బర్రీయా.
ఎనభై ఒకటి. గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు.
పందొమ్మిది రోజులుగా కళ్లు తెరవలేదు,
మూతి మీద ప్లాస్టర్ చుట్టూ
గడ్డం కలుపులా పెరిగిపోయింది.

మంగళవారం, చిన్న గదిలో, అందరం కూర్చున్నాం.
డాక్టర్ వుకాసోవిచ్ ఒక్కో మాటా ఏరి పెట్టింది,
రాళ్లేరిన బియ్యంలా.
అయినా ఒకటి మిగిలింది.
కూతురు నోల్ఫా పంటి కింద పడింది.
"అంటే, ఆపేస్తారు."
ఎవరూ కాదనలేదు.
సంతకాలు నలుగురివి.
వేలు నాది.

ట్యూబు వేసేటప్పుడు పక్కనుండేది నేనే, తీసేదీ నేనే.
వేసేటప్పుడు జనం ఉంటారు, కేకలుంటాయి, పరుగులుంటాయి.
తీసేటప్పుడు తెర లాగుతాం.

మార్ఫిన్ ఎక్కింది.
అలారాల నోళ్లు ఒక్కొక్కటే మూయించాను.
మానిటర్‌ని గోడవైపు తిప్పాను,
లేకపోతే మనిషిని వదిలేసి అంకెల్ని చూస్తారు,
అందరికంటే ముందు నేను.

ట్యూబు మీద చెయ్యి పెట్టి, ఆగాను.
ఎంతసేపో తెలీదు.
"మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాను," అంది నోల్ఫా,
నా ముఖం వైపు చూడకుండా.
"కత్తెర పెట్టాక ఆగకూడదు.
తల మోకాళ్ల మధ్య ఆనించుకో,
మెడ దగ్గర మొదలెట్టి చివరిదాకా ఒకే వరస.
గొర్రె కత్తెరకి బెదరదు,
ఆగిన చేతికి బెదురుతుంది.
తెగేది కూడా అక్కడే."

ఆయన తలని నా ముంజేతిలోకి తీసుకున్నాను.
ఒకే వరస.

ఆ తర్వాత ఇరవై ఆరు నిమిషాలు
ఆయన ఊపిరి ఆయనదే.
నోల్ఫా రేజర్ అడిగి గడ్డం తీసింది,
ప్లాస్టర్ మరకల మీదుగా, దవడ పట్టుకుని.
దుప్పటి మీద రాలిన తెల్ల వెంట్రుకలు దులిపి
"ఏం పెద్ద ఉన్ని రాలేదు," అని నవ్వింది.
నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో నాకింకా తెలీదు.

మా అమ్మమ్మ, ఎవరైనా పోతే, కిటికీ తెరిచేది.
నేను వెనక మెట్ల తలుపు భుజంతో నెట్టి
పది దాకా లెక్కపెట్టి
మూసి వచ్చాను.

ఫారంలో ఒక గడి: అవాంఛిత సంఘటనలు.
లేవు, అని రాశాను.

యాభై నిమిషాలకి అదే మంచం మీద ఇంకొకరు,
మంచు మీద బోల్తాపడిన కారులోంచి.
పరుపు మీద మందునీళ్ల తడి ఆరనేలేదు.
సింకు దగ్గర వుకాసోవిచ్ చేతులు కడుగుతూనే ఉంది,
నేను కుళాయి కట్టేదాకా.
"ఈ నెలలో ఎన్నోది?" అంది.
ఇద్దరికీ లెక్క తెలుసు.
ఇద్దరం తప్పు చెప్పుకున్నాం.

చెయ్యి తిరిగినవాడినట, కొత్తవాళ్లని నా దగ్గరికే పంపుతారు.
పోయిన వారం ఒక పిల్ల, ఫ్రెసియా,
వేళ్లు వణుకుతున్నాయని
రెండు జతల గ్లవ్స్ వేసుకుంది.
ఒకప్పుడు నేనూ వేసుకున్నాను.
వణుకు చలిది కాదని చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మావాడు కాలు చాపుకుని కూర్చున్నాడు,
మడమలో చెక్కపేడు.
మడమని మోకాళ్ల మధ్య ఆనించుకున్నాను.
పట్టకారు పెట్టాను.

"నాన్నా, ఆగిపోయావేంటి?"

బయట గాలి ఉంది.
తలుపు సందులోంచి వస్తోంది, పోతోంది,
ఎవరూ కొలవకుండానే.