ఉంగరమంత తోలు

ఓదెలు ఇరవై ఏండ్లు తాళ్లెక్కిండు.
మోకు జారి నడుం పట్టేసినంక
మా ద్రాక్ష పందిరి కింద
మోకాళ్ల మీద కూసుంటున్నడు.
చెయ్యి అదే, కత్తి వేరే:
రెండు అలుగులు,
నడుమ పెసరగింజంత సందు.

పుష్యమాసం. ధర్మసాగరం దిక్కుకెల్లి
మంచు ఇంకా లేవలే.
నిన్నటిదాక గుత్తులు ముంచినం,
ఒక్కో గుత్తికి ఒక్కో మునక,
ప్లాస్టిక్ లోటాల జిబ్బరెల్లిన్ నీళ్లు.
ఆ పొడి ఉత్త నీళ్లల్ల కరగదు,
ముందుగాల స్పిరిట్‌ల కలపాలె.
కలిపేది మల్లీశ్వరి.
పదో తరగతి లెక్కల్ల తప్పిన పిల్ల,
ఇక్కడ మాత్రం లెక్క తప్పదు:
పూతప్పుడు ఇంత, సజ్జగింజప్పుడు ఇంత.
"ఎక్కువైతే వదినా,
కాడ కట్టెలెక్క బిర్రుగై పండు రాలుతది"
అనుకుంట గుత్తిని రెండు వేళ్లతో తట్టి
ఆఖరి చుక్క లోటాలకే దులుపుతది.
ఆ చుక్కకూ ధర ఉన్నది.

ఇయ్యాల కత్తి వంతు.
ఓదెలు కాండాన్ని అరచేత్తో రుద్దుతడు,
ఎండు పొట్టు రాలుతది.
కత్తి ఆనించి ఒక్క చుట్టు.
తోలు రిబ్బన్‌లెక్క ఊడొస్తది,
తడిగ, పచ్చి దోసకాయ వాసనతోని.

కట్టెకు తాకొద్దు, తీగ సస్తది.
వెంట్రుకంత తోలు మిగలొద్దు,
దాని మీదికెల్లే తీపి దిగిపోతది.

ఎక్కడికి దిగుతదన్న.

"నీళ్లు కట్టెలకెల్లి ఎక్కుతయి,
ఆకు వండింది తోల్లకెల్లి ఏరుకు పోతది.
ఆ తొవ్వ కోసినం.
ఇగ వండిందంత పండుకే.
ఏరుకు ఇరవై అయిదు రోజులు పస్తు."
కత్తి తుడుచుకున్నడు.
"తాడును గీస్తే బయటికి కారుతది,
దీన్ని గీస్తే లోపల్నే ఆగుతది" అని
ఒక్కడే నవ్వుకున్నడు.

ఆ దినం బోరు ఇంకో గంట నడిపిన.
"నీళ్లతోని కడుపు నిండుతదా, వదినా?"
మల్లీశ్వరి.

హైదరాబాద్ బేరగాడు
జేబుల ఇనుప రింగులు తెస్తడు:
పదహారుది, పద్దెనిమిదిది.
జారిన పండు అగ్గువ,
ఆగిన పండు పిరం.
నాలుక మీద ఒక్కటి పెట్టుకోడు.
తీగకొక ఉంగరం,
పండుకొక ఉంగరం,
నా ఏలిది బ్యాంకుల ఉన్నది.

మూల తీగకు మాత్రం
కత్తి పెట్టనియ్యలే, మందు ముంచనియ్యలే.
ఎందుకని బేరగాడు అడిగితే
పోలిక కోసమన్న.
అది అబద్ధం, గని
నిజమేందో నాకూ తెల్వదు.
దాని పండ్లు శనగలంత, గుత్తి ఇరుకిరుకు.
పిట్టలు ముందు దానిమీదికే వస్తయి.

మాఘం దాటినంక
గాటు మీద ఏలు పెట్టి చూసిన.
రెండంచుల తోలు ఉబ్బి కలిసింది,
పండ్లు రాని పసిపిల్ల చిగురులెక్క
గట్టిగ, మెత్తగ.
ఏరుకు మళ్ల బువ్వ పోతున్నట్టుంది.

ఓదెలు రాలే. నడుం లేస్తలేదట.
వారం కూలి, దానిమీద
మూల తీగ గుత్తి ఒకటి
మల్లీశ్వరితోని పంపిన.

వచ్చి చెప్పింది:
కండ్లు మూసుకొని తిన్నడట,
ఇత్తులు లేవు గదా అని
అయినా ఏదో ఉమ్మిండట.

లోటాలు కడిగి బోర్లిచ్చిన.