ఎర్ర బోరింగు

ఆఖరి ట్రిప్పు దిగి
టికెట్ మిషను నల్లగొండ డిపోల అప్పజెప్పి
ఇంటికొచ్చేసరికి
దుప్పటి లోపల ఏదో వెలుగుతున్నది.
మిణుగురనుకుందునా, సిరిచందన వేళ్ళు కనబడ్డయి.

"ఎవరే?"
"ఎవరు లేరమ్మా, గేములో ఫ్రెండు."
ఆ ఫ్రెండుకు మొఖం లేదు, పులి బొమ్మ ఉన్నది.
ఏ బడి, ఏ గల్లీ, ఇంట్ల ఎవరెవరుంటరు,
మీ అమ్మ డ్యూటీ ఎప్పుడు దిగుతది,
జవాబు చెప్పినప్పుడల్లా ఒక బంగారు నాణెం.

గుంజుకున్న.
బియ్యం డబ్బాల కుక్కి మూత పెట్టిన.
ఫోను రాత్రంత బియ్యంల గుయ్యిమని
తెల్లారెవరకు సచ్చూరుకున్నది.
పిల్ల మాత్రం రెండు దినాలు నోరు తెరవలే.
చారు బాగుందా అంటే తల ఊపింది.

మూడోనాడు చండూరుల బస్సు ఆగింది, పది నిమిషాలు.
చాయ్ మీద మీగడ కట్టింది.
నా బొటనవేలు
ఎవరో అత్తాకోడళ్ళ కొట్లాటను పైకి తోసుకుంటనే ఉన్నది.
బుచ్చిరాములన్న హారన్ కొట్టినదాక
నేనెక్కడున్ననో నాకే ఎరుక లేదు.

మర్రిగూడ దిక్కు మలుపుల
మా ఊరి పాత బోరింగు.
ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగ ఊడింది.

తాత ఆ నీళ్ళే తాగిండు.
తేటగ ఉండె. సల్లగ ఉండె.
కొడవలి లెక్క ఒంగిపోయి
ఆకాశం చూడాలంటే
పక్కకు తిరిగి పండుకునేటోడు.
ఒకనాడు జీపు దిగిన సారు
సీసాల నీళ్ళు పట్టి చుక్క వేసిండు.
గులాబీ రంగు పసుపుకు తిరిగింది.
అప్పుడు పూసిన్రు ఎరుపు.

నీళ్ళే తాగొద్దని ఎవరన్నరు?
అమ్మ బిందె చంకన పెట్టుకొని
నన్ను వెంటబెట్టుకపోయి చూపించింది,
ఇది కాదు బిడ్డా, అగో అది.
మైలున్నర నడక, ఇద్దరం.
అప్పటికే నా పండ్లకు గార పట్టింది.
ఇప్పటికీ నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంట.

ఆ రాత్రి డబ్బా మూత తీసిన.
ఫోను నిండ తౌడు.
చార్జింగు ఎక్కేదాక
ఎర్ర బోరింగు ముచ్చట చెప్పిన.
"బ్లాక్ చేసుడు ఎట్లనో నాకు నేర్పవే" అన్న.
పిల్ల చాలాసేపు నా మొఖమే చూసింది,
తర్వాత జరిగి చాపల చోటిచ్చింది.
పులి పోయింది.
"నీ ఫోను గూడ ఇయ్యి. తొమ్మిదిన్నరకు, రోజూ."
పొయ్యి గట్టు మీద
ఒక్క చార్జరు కోసం రెండు ఫోన్లు.

అంత సక్కగైందని చెప్పను.
నిన్న మళ్ళ అలిగింది.
మొన్న నడిరాత్రి గట్టు కాడికి పోయి
దొంగ లెక్క చూసుకున్నది నేనే.

ఇయ్యాల పొద్దున జడ వేయించుకుంట
తనే తెర నా దిక్కు తిప్పింది.
కొత్త పేరు. మందార పువ్వు బొమ్మ. మంచి మంచి మాటలు.
"అమ్మా, ఇది ఎర్రదా?"

చూసిన.
నీళ్ళు తేటగనే ఉన్నయి.
సగం జడ చేతిల పట్టుకొని
బస్సు టైమైతున్నా
పక్కన కూసున్న.