ఊ కొట్టే తీగ

విమానపురలో క్లీన్‌రూమ్. రాత్రి పదకొండున్నర.
తెల్లకోటు, తలకి టోపీ, మణికట్టుకి ఎర్త్ పట్టీ.
బల్ల మీద రెండు పెట్టెలు:
ఇది కెమెరా, అది జ్ఞాపకం.
మధ్యలో మూరెడు కేబుల్.
ఎప్పుడో పైకెళ్లాక ఇది భూమిని చూసి
దానికి చెప్పాలి.
ఇవాళ పలకరింపే లేదు.

మూడు రోజులుగా నేను అనుమానించినవి:
కనెక్టరు, పవర్ సప్లై, హైదరాబాదు నుంచి వచ్చిన బోర్డు,
ఆ బోర్డు పంపిన మనిషి.
నాలుగో రాత్రి మాన్యువల్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదివితే
పంతొమ్మిది రాయాల్సిన రిజిస్టర్లో
నేను సున్నా రాశాను.

ఏ లింకైనా పదితోనే మొదలవ్వాలట.
ఎంత పరుగు తెలిసినవాళ్లయినా
ముందు పది.
చెప్పులు విడవకముందే
గుమ్మంలోంచే ఊరి గొడవలన్నీ ఏకరువు పెట్టే చుట్టంలా
నేను రెండొందలతో మొదలుపెట్టాను.
అవతలి పెట్టె తలుపేసుకుంది.
దాని తప్పేం లేదు.

పంతొమ్మిది రాశాను.
స్కోపు తెర మీద పచ్చగీత కదిలింది.

చెప్పడానికేం లేకపోయినా
ఈ తీగ మీద ఊరుకోకూడదు.
నల్ అని ఒక మాట, అర్థం లేనిది, బరువు లేనిది,
పంపుతూనే ఉండాలి,
కథ వింటూ పిల్లలు ఊ కొట్టినట్టు.
ఊ ఆగిందా,
ఒక మైక్రోసెకను నిండకముందే
నిద్రపోయావనుకుంటారు.

"మాకది హూఁ" అన్నాడు చన్నబసప్ప.
ముప్పై ఏళ్లుగా కేబుళ్లకి లేసు కట్టే మనిషి.
అన్నాక చాలాసేపు ఏమీ అనలేదు.

ఇంకో మర్యాద కూడా ఉంది.
ఎనిమిది మాటలకి చోటుంది చెప్పు, అని
వినేవాళ్లు అనేదాకా
చెప్పేవాళ్లు నోరు విప్పరు.
సోమవారం మీటింగులో దీన్ని ఎవరైనా
అమల్లో పెడితే బాగుండు.

ఒంటిగంటకి వేగం పెంచాను.
రెండొందలు. పదకొండు నిమిషాలు నడిచింది.
పన్నెండో నిమిషంలో ఒకట్లు లెక్కపెడితే
బేసి రావాల్సిన చోట సరి వచ్చింది.
ఈ తీగ మీద సరి అంటే తప్పు.
ఇంటా బయటా సరే సరే అని అరిగిన నోరు నాది,
ఒక్క క్షణం తడబడింది.

తప్పు దొరికాక
ఎవరిదని ఎవరూ అడగరు.
ఇద్దరూ మౌనం,
ఆరు పాయింట్ నాలుగు మైక్రోసెకన్లు.
తర్వాత ఇంకో పన్నెండు పాయింట్ ఎనిమిది, చెవి ఒగ్గి.
సగంలో తెగిన వాక్యం చివర
ఇది తెగింది, అని ఒక గుర్తు.
పూర్తయినట్టు నటించడం లేదు.
మళ్లీ పది నుంచి.
ఇదంతా అయ్యేసరికి నేను రెప్ప కూడా వాల్చలేదు.
లెక్కల గడిలో మాత్రం సున్నా ఒకటైంది.

నాలుగున్నరకి పదిహేడు.
చన్నబసప్ప గ్లవుజు వేలితో కేబుల్ వెంట నడిచి
మలుపు దగ్గర ఆగాడు.
లేసు కత్తిరించి కొంచెం వదులుగా కట్టాడు.
"ఈ కెమెరాకి అసలెంత కావాలి మేడం?"
ఎనభై.
"మరి రెండొందలు ఎవరికి?"
జవాబు నాకు తెలుసు.
రిపోర్టులో దానికి గడి లేదు.

వంద దగ్గర పెట్టాను.
పదిహేడు పదిహేడుగానే ఉంది.
చెరిపే మీట ఉంది. నొక్కలేదు.
కారణం అన్నచోట రాశాను:
రిజిస్టర్ విలువ తప్పు. రాసినది ఎ. ఇందీవర.
హైదరాబాదు మనిషికి ఒక కాపీ.

ఆరింటికి ఆటో. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఇంకా ఖాళీ.
డ్రైవరు చెవిలో ఫోను,
దొమ్మలూరు దాకా
హూఁ, హూఁ, హూఁ.
అవతల ఎవరిదో పెద్ద కథే.
ఫ్లైఓవర్ కింద లైను పోయింది.
హలో. హలో.
కాసేపు ఇద్దరమూ రోడ్డు చూశాం.
మళ్లీ కలిసింది.
వదిలిన చోటి నుంచి అందుకోలేదతను.
"తిండి ఆయ్తా?" అన్నాడు.